బండ మీద రాసిన మందు

మనిషికీ పశువుకూ వైద్యం అందాలని రెండు వేల రెండు వందల ఏళ్లకు ముందే రాతి మీద చెక్కించిన సీమ అది. ఆ బండలకు బస్సు దూరంలో ఉన్న పల్లెల్లో ఇవాళ నొప్పి తగ్గించే ఓ చౌక మాత్ర కోసం కర్నూలు దారి చూడాల్సి వస్తోంది. పత్తికొండ చుట్టూ తిరిగితే ఎదురయ్యే కథ ఇది.

తొలకరి పడిందంటే పత్తికొండ, తుగ్గలి, జొన్నగిరి దారుల్లో ఓ వింత దృశ్యం. ఎర్రటి చేలల్లో ఆడా మగా, పిల్లా జెల్లా నడుం వంచి, నేలలోకి చూపు గుచ్చి అడుగులో అడుగేసుకుంటూ నడుస్తుంటారు. విత్తనం వేయడానికి కాదు, వజ్రాల కోసం. అనంతపురం నుంచీ బళ్లారి నుంచీ కూడా సద్దిమూట కట్టుకుని వస్తారు. దొరికినవాడి సంగతి పేపర్లో పడుతుంది. దొరకని వందలమంది పొద్దుగూకేసరికి నడుం పట్టుకుని బస్సెక్కుతారు.

వాళ్లలో గుత్తి వైపు వెళ్లే వాళ్లంతా ఎర్రగుడి దాటే పోవాలి. ఊరి దగ్గర ఓ రాతిగుట్ట. ఏనుగు ఆకారంలో ఉంటుందని ఏనకొండ అంటారు. దాని మీద పెద్ద పెద్ద బండలు, బండల మీద పిచ్చిగీతల్లా కనిపించే అక్షరాలు. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా అవి ఎవరివో, ఏం చెబుతున్నాయో లోకానికి తెలియదు. అవి అశోకుడివి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. పెద్ద శాసనాలు పద్నాలుగూ, వాటికి తోడు చిన్న శాసనాలూ ఒక్కచోటే ఉండటం ఎర్రగుడి గొప్ప. చిన్న శాసనంలో మరో తమాషా ఉంది. ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి వెళితే, కింది పంక్తి కుడి నుంచి ఎడమకి వస్తుంది. ఆ చేలల్లో మడక దున్నేవాళ్లకు ఆ పద్ధతి వేరే చెప్పక్కర్లేదు. సాలు చివర ఎద్దుల్ని మళ్లించినట్టే ఉంటుంది.

పెద్ద శాసనాల్లో రెండోది వైద్యం గురించి. తన రాజ్యంలోనే కాదు, సరిహద్దు అవతల చోళ, పాండ్య, కేరళపుత్ర, సత్యపుత్ర దేశాల్లో, తామ్రపర్ణి అనే సింహళంలో, అంతియోకుడనే గ్రీకు రాజు ఏలుబడిలో కూడా మనుషులకూ పశువులకూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశానంటాడు అశోకుడు. ఔషధ మొక్కలు లేని చోటికి వాటిని తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ చెబుతాడు. రాజులు చెప్పుకున్నదంతా జరిగిందని నమ్మనక్కర్లేదు. కానీ మందు దొరకని చోటికి మందే వెళ్లాలన్న ఆలోచన ఆ బండ మీద స్పష్టంగా ఉంది. పత్తికొండ మండలంలోనే చిన్నహుల్తి దగ్గర రాజుల మండగిరిలోనూ అశోకుడి చిన్న శాసనం ఒకటుంది. ఒక్క తాలూకా పరిధిలో ఇన్ని రాతలు చెక్కించాడంటే ఈ దారికి అప్పట్లో ఉన్న విలువ ఏమిటో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఆ దారిలో వెళ్లేవి ఎక్కువగా టమాటా లారీలు.

దొర చనిపోయిన ఊరు

పత్తికొండ పేరు చెప్పగానే రైతులకు గుర్తొచ్చేది టమాటా మార్కెట్టే. పొద్దున్నే ఆటోలు, ట్రాక్టర్లు, గంపలు, బాక్సులు, వేలం పాట కేకలు. ధర పలికిన రోజు హోటళ్లలో ఉగ్గాని బజ్జీకి చోటు దొరకదు. ధర పడిపోయిన రోజు రోడ్డు పక్కన పారబోసిన ఎర్ర కుప్పల చుట్టూ మేకలు మూగుతాయి. నీళ్లు తక్కువ సీమ. హంద్రీ-నీవా కాలువ, పందికోన రిజర్వాయరు వచ్చాక కొన్ని ఊళ్లకు ఊపిరి ఆడింది. ఆ పందికోన వేటకుక్కలకు పేరుమోసిన ఊరు. మిగతా పల్లెలు వానను నమ్ముకున్నవి. వాన మొహం చాటేసిన ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి పోయారని చెబుతారు. గుంటూరు మిరప చేలకో, బెంగళూరు మేస్త్రీ పనులకో కుటుంబాలకు కుటుంబాలే కదిలి వెళ్లడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. ముసలీ ముతకా మాత్రం ఇంటి దగ్గరే మిగిలిపోతారు. రోగం వచ్చేదీ ఎక్కువగా వాళ్లకే.

చరిత్ర పుస్తకాల్లో పత్తికొండ పేరు ఎక్కింది ఓ చావు వల్ల. సర్ థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. రైతువారీ పద్ధతిని ఈ నేల మీద నిలబెట్టిన మనిషి. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడాడన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. సీమలో కొన్ని ఇళ్లలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు కూడా. పదవి దిగి ఇంగ్లండు వెళ్లిపోయే ముందు పాత జిల్లాలను ఓసారి చూసి వద్దామని 1827లో బయల్దేరాడు. దారి పొడుగునా కలరా. పత్తికొండ దగ్గర డేరాలో ఉండగా జులై 6న ఆయన్నీ పట్టుకుంది. పొద్దున మొదలై రాత్రికి ప్రాణం తీసింది. గుత్తికి తీసుకెళ్లి కోట కింది శ్మశానంలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా సర్కారు తోపు వేయించి, రాతికట్టు బావి తవ్వించింది. అశోకుడు చేశానని చెప్పుకున్న పనులే!

ఆ కాలపు కలరా వైద్యంలో తెల్లదొరల డాక్టర్ల చేతిలో ఉన్నవి నాలుగైదు వస్తువులు. బ్రాందీ, పాదరసం కలిసిన కాలోమెల్, నెత్తురు తీసే కత్తి, అన్నిటికన్నా ముఖ్యంగా లాడనం. నల్లమందును సారాలో నానబెట్టి తీసిన ద్రావకం అది. కలరాను కుదర్చలేదు గానీ పేగుల కదలిక తగ్గించేది, కండరాల పోట్లకు కాస్త ఉపశమనం ఇచ్చేది. నీళ్లూ ఉప్పూ పట్టిస్తే బతికేవాళ్లని తెలియడానికి వైద్యలోకానికి ఇంకా చాలాకాలం పట్టింది. నల్లమందుకున్న ఆ పేగుల గుణం మాత్రం ఇప్పటికీ వాడుకలోనే ఉంది. విరేచనాలకు వేసుకునే లోపరమైడ్ మాత్ర ఆ బంధువర్గంలోదే.

మన్రో కన్నుమూసిన ఆ 1827లోనే, వేల మైళ్ల అవతల జర్మనీలో డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో మెర్క్ అనే మందుల వ్యాపారి ఓ కొత్త సరుకును అమ్మకానికి తయారు చేయడం మొదలుపెట్టాడు. దాని పేరు మార్ఫిన్.

వంటింట్లో గసగసాలు

మార్ఫిన్ అంటే బెదిరిపోయే ఇల్లాలు కూడా అది పుట్టే మొక్కను రోజూ చేత్తో పట్టుకుంటూనే ఉంటుంది. మాంసం కూరలో నూరి వేసే గసగసాలు ఆ మొక్క గింజలే. కర్ణాటక సరిహద్దు ఊళ్లలో గసగసాల పాయసం పండగ వంట. గింజలో మత్తు దాదాపుగా ఉండదు. అంతా పచ్చికాయ తొక్కలో ఉంటుంది. కాయకు గాటు పెడితే పాలు కారతాయి. తెల్లారేసరికి ఆ పాలు ముదిరి గోధుమరంగు జిగురవుతుంది. దాన్ని గీకి తీసిందే నల్లమందు. పాతకాలంలో కూలికి పోయే తల్లులు పసివాళ్లు ఏడవకుండా ఆవగింజంత నాకించి పడుకోబెట్టేవాళ్లని తాతమ్మలు చెప్పేవారు. ఆ ఆవగింజ కాస్త పెద్దదైతే బిడ్డ లేచేది కాదు. మందుకూ విషానికీ మధ్య తేడా మోతాదేనని మన పల్లెలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది.

ఆ మోతాదును లెక్కకు తెచ్చింది ఓ జర్మన్ కుర్రాడు. మందుల షాపులో సహాయకుడిగా ఉన్న సెర్ట్యూర్నర్ 1804-05 ప్రాంతంలో నల్లమందు నుంచి అసలు సారాన్ని తెల్లటి స్ఫటికాలుగా వేరు చేశాడు. తన మీదా, మరో ముగ్గురు కుర్రాళ్ల మీదా ప్రయోగం చేసి చూశాడు. నిద్ర, కలల దేవుడు మార్ఫియస్ పేరు పెట్టాడు. నల్లమందు ముద్దలో ఎంత బలముందో ఎవరికీ తెలియదు. మార్ఫిన్ వచ్చాక ఇన్ని మిల్లీగ్రాములని రాయడం సాధ్యమైంది. అది ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందో తేలడానికి మాత్రం 1973 దాకా ఆగాల్సి వచ్చింది. మెదడులో, వెన్నుపాములో దానికోసమే చేసినట్టున్న తాళాలు కనిపించాయి. రెండేళ్లకు అసలు తాళంచెవులూ దొరికాయి. ఒంట్లోనే తయారయ్యే ఎండార్ఫిన్లు. గసగసాల మొక్క తాళంచెవి యాదృచ్ఛికంగా అదే తాళానికి సరిపోయిందన్నమాట.

ఇంకో విచిత్రం. నల్లమందును చట్టబద్ధంగా పండించి, జిగురు రూపంలోనే ఎగుమతి చేసే దేశం ప్రపంచంలో మనదొక్కటే. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్, నీమచ్, రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్, ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ లాంటి చోట్ల రైతులకు గ్వాలియర్‌లోని కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో లైసెన్సులిస్తుంది. పంట మొత్తం సర్కారుకే అప్పజెప్పాలి. ఈస్టిండియా కంపెనీ 1820లో పెట్టిన ఘాజీపూర్ ఫ్యాక్టరీ ఇవాళ్టికీ ఉంది. కంపెనీ రోజుల్లో అక్కడి పెట్టెలు చైనాకు వెళ్లి యుద్ధాలు తెచ్చిపెట్టాయి. తర్వాత్తర్వాత అక్కడి సరుకు పరదేశాల మందుల కంపెనీలకు వెళ్లింది. ఆ దేశాల్లో రోగులకు మాత్రలైంది. మన రోగులకే అందలేదు.

పది కొట్టి ఒకటి లెక్కపెట్టిన చట్టం

ఎందుకు అందలేదన్నదానికి జవాబు 1985లో ఉంది. ఆ ఏడాది నవంబరు 14న మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చింది. వ్యాపారులను పట్టుకోవడానికి తెచ్చిన చట్టం. తప్పు దొరికితే కనీసం పదేళ్ల జైలు. మందుగా వాడుకోవచ్చని అందులో ఉంది. కానీ ఎలా వాడుకోవాలో తేల్చేది రాష్ట్రాలు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. ఆస్పత్రికి మార్ఫిన్ కావాలంటే ఎక్సైజు శాఖ నుంచీ ఔషధ నియంత్రణ శాఖ నుంచీ నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవాలి. అవన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. పక్క రాష్ట్రం నుంచి తెప్పించుకోవాలంటే అక్కడి కాగితమూ ఇక్కడి కాగితమూ కావాలి. ఐదోది వచ్చేసరికి మొదటిదానికి గడువు తీరిపోయేది. రిజిస్టరులో రెండు మాత్రల తేడా వస్తే జైలుకెళ్లే ఉద్యోగం ఎవరు చేస్తారు? ఆస్పత్రులు తెప్పించుకోవడం మానేశాయి. మందుల షాపులు అటకెక్కించాయి. 1985లో దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ ఐదు వందల కిలోలకు పైనే. 1997కు అది 18 కిలోలకు పడిపోయింది. వంద కోట్లకు దగ్గరపడుతున్న దేశానికి 18 కిలోలు!

ఆ పన్నెండేళ్లలో జరిగిన మరో నష్టం కాగితాల్లో కనిపించదు. మార్ఫిన్ వాడటం చూడకుండానే ఓ తరం డాక్టర్లు చదువు పూర్తి చేసుకుని బయటికొచ్చారు. మందు తిరిగి వచ్చినా రాసే చెయ్యి లేకుండా పోయింది. చట్టం మార్చడం సులువు, చేతి అలవాటు మార్చడం కష్టం.

చట్టాన్ని మార్చడానికైనా ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. కేరళకు చెందిన మత్తు వైద్యుడు ఎం.ఆర్.రాజగోపాల్, ఆయన సహచరులు 1993లో కోజికోడ్‌లో నొప్పి నివారణ కేంద్రం పెట్టి, తర్వాత 2003లో తిరువనంతపురంలో పాలియం ఇండియా సంస్థ ఏర్పాటు చేసి, ఢిల్లీ చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు సవరణకు ఒప్పుకుంది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సీకోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్... ఈ ఆరింటినీ అత్యవసర నార్కోటిక్ మందులని విడిగా గుర్తించారు. 2015లో దేశమంతటికీ ఒకే నిబంధనలు వచ్చాయి. నాలుగైదు లైసెన్సులు పోయాయి. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు ఒక్కటి చాలు. దానికి ఆస్పత్రిలో ఏం ఉండాలి? నొప్పి వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు ఒకరు, తాళం వేసే బీరువా, రిజిస్టరు, ఏడాదికి ఎంత కావాలో లెక్క. రాజగోపాల్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ బీరువా మాత్రం చిన్న ఊళ్ల ఆస్పత్రులకు ఇంకా సరిగా చేరలేదు.

నొప్పికి ఎన్ని పేర్లో!

తెలుగువాళ్లకు నొప్పి ఒకటే కాదు. పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు. పంటికి జివ్వుమంటుంది. పుండు భగభగమంటుంది. కాలు గుంజుతుంది, నడుం పీకుతుంది, తల పగిలిపోతుంది. నరం వెంట కరెంటు కొట్టినట్టుందంటే అది నరాల నొప్పి. దానికి మార్ఫిన్ ఒక్కటే సరిపోదు, వేరే మాత్ర జతచేయాలి. ఎముకలోపల పురుగు తొలుస్తున్నట్టుందంటే క్యాన్సరు ఎముకకు పాకిందేమో చూడాలి. చెవి ఒగ్గి వినే డాక్టరుకు రోగి మాటే సగం పరీక్ష. సున్నా నుంచి పది దాకా అంకె వేయమంటే పల్లె రోగి తెల్లమొహం వేస్తాడు. రూపాయిలో ఎంత నొప్పి అనడగండి, చిటికెలో చెబుతాడు. ముప్పావలా నొప్పి.

ఈ సీమలో గుట్కా, పొగాకు నమిలేవాళ్లు తక్కువేం కాదు. దవడ క్యాన్సర్లు, ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వారానికీ రొమ్ముకూ వచ్చేవీ చాలాసార్లు ముదిరాకే బయటపడతాయి. తర్వాత కథ ఏ ఇంట్లోనైనా ఇంచుమించు ఒకటే. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ సూది. అది మూడు గంటలు పనిచేస్తుంది. తర్వాత పత్తికొండ లేదా ఆదోని. అక్కణ్నుంచి కర్నూలు పెద్దాసుపత్రి. ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూ ప్రయాణం. కొందరు హైదరాబాదు ఎంఎన్‌జేకో, బెంగళూరు కిద్వాయ్‌కో పోతారు. కరెంటు పెట్టిస్తారు, కీమో ఎక్కిస్తారు. ఎద్దులు పోతాయి, ఎకరం పోతుంది. ఒకరోజు డాక్టరు ఇంటికి తీసుకెళ్లమంటాడు. ఇక చేసేదేం లేదన్న మాటను పక్కకు పిలిచి కొడుకుతో చెబుతాడు.

చేసేది లేదన్నది క్యాన్సరు విషయంలో. నొప్పి విషయంలో చేయాల్సింది ఆ రోజే మొదలవుతుంది. మార్ఫిన్ మాత్ర ఖరీదు కొన్ని రూపాయలే. సూది అక్కర్లేదు, నోటితో మింగితే చాలు. నాలుగేసి గంటలకోసారి, నొప్పి వచ్చినా రాకపోయినా గడియారం ప్రకారం ఇవ్వాలి. నొప్పి లేచాక తరమడం కన్నా లేవకుండా చూడటం తేలిక. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, చాలకపోతే మెల్లగా పెంచుతారు. రాత్రి నిద్రపట్టేలా ఆఖరి మోతాదు కాస్త ఎక్కువ ఇస్తారు. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి మార్ఫిన్ రాసిన చేత్తోనే విరేచనం మందు కూడా రాయాలి. రాయలేదంటే ఆ డాక్టరుకు శిక్షణ లేనట్టే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ఈ పద్ధతిని నిచ్చెన మెట్లలా గీసి చూపించింది. ఇందులో అర్థంకాని సైన్సు ఏమీ లేదు.

భయాలు మాత్రం బోలెడున్నాయి. అలవాటైపోతుందేమో, ప్రాణం తొందరగా పోతుందేమో, మార్ఫిన్ రాశారంటే ఇక రోజులు దగ్గరపడ్డట్టేనేమో. చివరిది ఊళ్లల్లో మహా బలంగా ఉంటుంది. నిజానికి లెక్క ప్రకారం ఇచ్చిన మార్ఫిన్ ఆయుష్షు తగ్గిస్తుందనడానికి ఆధారాల్లేవు. ఒళ్లు మందుకు అలవాటు పడటం నిజం, అందుకే ఒక్కసారిగా ఆపకూడదు. కానీ ఒళ్లు అలవాటు పడటం వేరు, మనసు దాని వెంట పరిగెత్తడం వేరు. నొప్పితో ఉన్న రోగి మందు వేసుకుని లేచి కూర్చుంటాడు, గంజి తాగుతాడు, మనవడితో మాట్లాడతాడు. మత్తు కోరేవాడు అందులోంచి లోకాన్ని వదిలి పోవాలనుకుంటాడు. ఎక్కువైతే ఊపిరి మందగించి ప్రాణం మీదికొచ్చే మాటా నిజమే. అందుకే డాక్టరు కావాలి, లెక్క కావాలి. అంతమాత్రాన బీరువాకు తాళం వేసి తాళంచెవి పారేయడం మందు కాదు.

నూరు కిలోల లోకం

పత్తికొండ పల్లె కథే చాలా దేశాల కథ. 2017లో లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల సంఘం లెక్కలు తీసింది. మార్ఫిన్ కొలతలో చూస్తే లోకంలో ఏడాదికి పంపిణీ అయ్యే ఇలాంటి మందులు దాదాపు 299 టన్నులు. అందులో అత్యంత పేద దేశాలకు చేరేది టన్నులో పదోవంతు. అంటే నూరు కిలోలు! ఏటా 6 కోట్ల మందికి పైగా తీవ్రమైన బాధతో ఉంటే, వాళ్లలో పదింట ఎనిమిది మంది పేద, మధ్యతరగతి దేశాల్లోనే ఉన్నారు. మన దేశంలో అవసరమైన దాంట్లో అందుతున్నది నూటికి నాలుగు వంతులు. లోటంతా పూడ్చడానికి చౌక ధరకు కొంటే ఏడాదికి అయ్యేది పద్నాలుగున్నర కోట్ల డాలర్లని తేల్చారు. దేశాలన్నీ కలిసి ఖర్చుపెట్టే డబ్బులో అది చిల్లర.

డబ్బు లేకే అనుకోవడానికీ లేదు. ఉగాండా మనకన్నా పేద. అక్కడ 1993లో ఆన్ మెరిమన్ అనే డాక్టరు హాస్పిస్ పెట్టి, మార్ఫిన్ పొడిని నీళ్లలో కలిపి సీసాల్లో ఇవ్వడం మొదలుపెట్టారు. డాక్టర్లు తక్కువున్న దేశం కాబట్టి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా రాయొచ్చని సర్కారు అనుమతించింది. మన పక్కనే కేరళ ఉంది. 2008లోనే పాలియేటివ్ విధానం ప్రకటించి పంచాయతీలకు పని అప్పజెప్పింది. నర్సు ఇంటికే వెళుతుంది. తెలుగునాట ఈ విషయంలో పాత కేంద్రం హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సరు ఆస్పత్రి. అక్కడ డాక్టర్ గాయత్రీ పాలత్ ఆధ్వర్యంలో మొదలైన విభాగంలో మార్ఫిన్ తీసుకుని వెళ్లినవాళ్లలో కర్నూలు, అనంతపురం వాళ్లకూ లెక్కలేదు. 2017లో తెలంగాణ చేవెళ్లలో కేంద్రం తెరిచి, తర్వాత జిల్లాలకు విస్తరించింది. ఆలన పేరుతో వాహనాలు ఇళ్లకు వెళ్లాయి. పేరు చక్కగా కుదిరింది. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలుకు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. పశ్చిమ మండలాల వాళ్లకు అది పెద్ద ఊరట. అయినా కదలలేని మనిషికి ఎనభై కిలోమీటర్లు ఎనభై కిలోమీటర్లే.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఫెంటానిల్ మాట కొత్త కాదు. అక్కడ తప్పు రెండోవైపు జరిగింది. 1996లో ఆక్సీకాంటిన్ మాత్ర వచ్చాక అలవాటు కాదని కంపెనీ నమ్మబలికితే, డాక్టర్లు నడుంనొప్పికీ పంటినొప్పికీ రాసేశారు. తర్వాత జనం హెరాయిన్‌కు, దొంగ ఫెంటానిల్‌కు మళ్లారు. 2021 ఒక్క ఏడాదిలోనే ఈ కోవ మత్తుతో 80 వేల మంది చనిపోయారు. ఆ కథ విన్న మన అధికారి ఇంకాస్త గట్టిగా తాళం వేయాలనుకుంటే తప్పు పట్టలేం. కానీ అక్కడ కొంప ముంచింది కంపెనీ ప్రచారం. క్యాన్సరు వార్డులో కొలిచి ఇచ్చిన మార్ఫిన్ కాదు. గోదావరి పొంగిందని పత్తికొండలో బావులు పూడ్చరు కదా.

అదే తాళం వెనక ఇంకో మనిషి

ఈ చట్టం కింద నలిగేది నొప్పి రోగి ఒక్కడే కాదు. మత్తుకు బానిసై బయటపడాలనుకునేవాడూ అంతే. ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు కేంద్రం కోసం చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో, నల్లమందు జాతి మత్తు సమస్య ఎక్కువున్న రాష్ట్రాల వరసలో ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. పంజాబ్ పేరు విని ఎవరూ ఆశ్చర్యపోరు. మన పేరే ఉలిక్కిపడేలా చేస్తుంది. పల్లెల్లో ఇంజెక్షన్లు, హెరాయిన్లు కనిపించవు గానీ, పోటుకని మొదలుపెట్టి చీటీ లేకుండా కొనుక్కునే ట్రమడాల్ మాత్రలు కనిపిస్తాయి. 2018లో ట్రమడాల్‌నూ ఇదే చట్టం కిందికి తెచ్చారు. మానాలనుకునేవాడికి బ్యుప్రినార్ఫిన్, మెథడోన్ మందులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వాటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. రోజూ కొలిచి ఇస్తే ఒళ్లు విలవిల్లాడదు, మనిషి పనికి పోగలుగుతాడు. అవీ పెద్ద ఊళ్లలోనే. మిగతా చోట్ల వైద్యమంటే తిట్టడం, గదిలో పెట్టి గడియ వేయడం, దర్గాకో గుడికో తీసుకెళ్లి దారం కట్టించడం.

పత్తికొండ వీధుల్లో తిరిగితే ఆస్పత్రికి ఏం కావాలని అడిగితే జనం చెప్పే జాబితాలో స్కానింగు, రక్తనిధి, ఆడ డాక్టరు ఉంటాయి. నొప్పిమందు బీరువా ఎవరి జాబితాలోనూ ఉండదు. అలాంటిదొకటి ఉంటుందని తెలిస్తే కదా అడగడానికి! రోడ్లూ నీళ్లూ అడిగే గొంతు ఊరికి ఉంటుంది. చివరి రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ధర్నాకు రాడు. ఆయన పోయాక ఇంటివాళ్లకూ ఆ మాట ఎత్తే ఓపిక ఉండదు.

తెల్లవారుజామున పత్తికొండ బస్టాండులో కర్నూలు బస్సు రివర్సు తీస్తుంటుంది. టమాటా అమ్మి బాకీ తీర్చడానికి పోయేవాళ్లు, కోర్టు వాయిదాలవాళ్లు, కాలేజీ పిల్లలు. వాళ్ల మధ్య ఓ ప్లాస్టిక్ సంచి, అందులో పెద్ద స్కానింగు కవరు, సద్దిరొట్టె మూట. పక్కన తువ్వాలు తలకు చుట్టి, దవడ దాచుకున్న మనిషి. ఆయన్ను పట్టుకున్న కొడుకు కండక్టరును అడుగుతాడు.

"అన్నా, వెనకైతే గుంతలకు ఎగురుతాది. నాయన తట్టుకోల్యాడు. ముందర యాడన్నా సీటు సూడన్నా."

కండక్టరు ఒక్కసారి ఆ కవరు వంక చూస్తాడు. కారణం అడగడు. ముందు సీట్లో ఉన్న కాలేజీ పిల్లల్ని లేపుతాడు. బస్సు దేవనకొండ దారి పడుతుంది.